మన ఒంటిమీద రుజువైన వైద్యం మన ఊరికి ఎందుకు రాదు?

"అక్కా, గర్భసంచి తీయించుకోకపోతే క్యాన్సర్ వస్తుందంట గదా? మా వీధిలో నలుగురు తీయించుకున్నారు. నేనూ తీయించుకోవాల్నా?"

మిరపకోతల కాడ, నాట్ల కాడ, సంఘం మీటింగు అయిపోయి మగవాళ్లంతా లేచిపోయాక, చాటుగా అడిగే ప్రశ్న ఇది. అడిగే మనిషికి ముప్పయ్యో ముప్పయ్యైదో ఏళ్లుంటాయి. తెల్లబట్ట అవుతుంది, నడుం లాగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే టౌనుకు పంపుతాడు. టౌనులో స్కానింగు తీసి, "సంచి పుండు పడింది, వుంచుకుంటే క్యాన్సర్‌కు దిగుతుంది" అంటారు. ఆ మాట విన్న కూలి మనిషి ఇంకేం చేస్తుంది? మేకల్ని అమ్మి, మిగిలింది వడ్డీకి తెచ్చి, ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది.

అదే ఊళ్లో ఇంకో ముసలామె వుంటుంది. ముట్లుడిగి పదేళ్లయినాక మళ్లీ ఎర్రబట్ట కనపడుతుంది. కోడళ్లకు చెప్పుకోవడానికి సిగ్గు. ఏడాది గడిచి, వాసన దాచుకోలేని స్థితి వచ్చాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే, "ఆలస్యం చేశారు" అంటారు.

రోగం లేని ఆమెకు ఆపరేషన్ జరిగింది. రోగం వున్న ఆమెకు పరీక్ష కూడా జరగలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. పల్లెలో ప్రభుత్వ వైద్యం లేని చోట ఒకరికి భయాన్ని అమ్ముతారు, ఇంకొకరిని చావుకు వదిలేస్తారు. అందుకే గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్ గురించి వ్యవసాయ కార్మికులు తెలుసుకోవాలి. ఇది డాక్టర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. కూలి రేటు ఎంత ముఖ్యమో, ఇదీ అంత ముఖ్యం.

ఎవరిని చంపుతున్నది?

2022 సంవత్సరం అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడు సుమారు 6 లక్షల 60 వేల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 3 లక్షల 50 వేల మంది చనిపోయారు. ఈ చావుల్లో నూటికి 94 పేద, మధ్యతరగతి ఆదాయపు దేశాల్లోనే జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో ఆ ఏడు 1 లక్షా 27 వేల మందికి వచ్చింది. దాదాపు 80 వేల మంది పోయారు. అంటే గంటకు తొమ్మిదిమంది. మీరు ఈ కాలమ్ చదివి మడిచిపెట్టే లోపల ఒకరో ఇద్దరో పోతారు.

ధనిక దేశాల్లోనూ ఒకప్పుడు ఈ రోగం ఇంతే దారుణంగా వుండేది. గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి, గాజుపలక మీద పరిచి, సూక్ష్మదర్శినితో చూసే 'పాప్' పరీక్షను అక్కడి ప్రభుత్వాలు ప్రతి స్త్రీకీ వరసగా చేయించాయి. రోగం వెనక్కి తగ్గింది. అక్కడి ఆడవాళ్ల ఒళ్లు వేరు, మన ఆడవాళ్ల ఒళ్లు వేరు కాదు. వాళ్లను పిలిచి పరీక్షించినవాళ్లున్నారు. మనల్ని పిలిచేవాళ్లు లేరు. తేడా అంతే.

ఎందుకు వస్తుంది?

ఇది పాపం వల్ల రాదు. శాపం వల్ల రాదు. ముట్టు గుడ్డలు వాడినందువల్లా, మురికిగా వున్నందువల్లా వస్తుందని కొందరు చదువుకున్నవాళ్లు కూడా కూలి స్త్రీలను ఈసడిస్తుంటారు. అదీ తప్పే. హెచ్‌పీవీ అనే వైరస్ దీనికి మూలం. భార్యాభర్తల కలయికలో ఒకరినుంచి ఒకరికి అంటుతుంది. అయితే, ఇది వచ్చిందంటే ఆ మనిషి నడత మంచిది కాదని అర్థం కాదు. కాపురం చేసే ఆడ, మగ దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. ఒక్క మొగుడు తప్ప ఎరగని ఇల్లాలికీ రావచ్చు. తెచ్చిపెట్టిన మగవాడికి తెలియనే తెలియదు. అందుచేత ఈ రోగం పేరుచెప్పి ఆడమనిషిని అనుమానించడం, ఇంట్లోంచి గెంటడం అన్యాయమని మగ కార్మికులు గట్టిగా గుర్తుంచుకోవాలి.

వైరస్ సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ల లోపల దానంతటదే పోతుంది. మిగిలిన కొద్దిమందిలో అది తిష్ఠవేస్తుంది. ముఖ్యంగా 16, 18 నంబర్ల రకాలు. నూటికి 70 క్యాన్సర్లకు ఈ రెండే కారణం. పొగ తాగడం ఈ ముప్పును పెంచుతుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే అవ్వలు, బీడీ తాగే స్త్రీలు ఇది గమనించాలి. చిన్న వయసులో పెళ్లి, వరస కాన్పులు కూడా పెంచుతాయి. హెచ్‌ఐవీ వున్న స్త్రీలకు ముప్పు ఆరు రెట్లు ఎక్కువ.

అసలు కీలకం ఇక్కడుంది. తిష్ఠవేసిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చేలో తెగులు మొదటి ఆకుమీద కనపడినప్పుడే పట్టుకున్నట్టు, ఈ రోగాన్ని అది క్యాన్సర్ కాకముందే పట్టుకోవడానికి ఇన్నేళ్ల గడువు వుంది. మన ఒంట్లోని మరే క్యాన్సరూ ఇంత గడువు ఇవ్వదంటే అతిశయోక్తి కాదేమో. ఇంత గడువున్నా ఏడాదికి 80 వేల మందిని పోగొట్టుకుంటున్నామంటే తప్పు రోగానిది కాదు.

రుజువులకు పనికొచ్చిన స్త్రీలు

ఈ వైరస్‌ను కనిపెట్టిన కథలోనే ఒక కూలి మనిషి వుంది. అమెరికాలో పొగాకు తోటల్లో పనిచేసి పెరిగిన నల్లజాతి స్త్రీ హెన్రియెట్టా లాక్స్. 1951లో ఈ క్యాన్సర్‌తోనే, 31 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె కణితి నుంచి, ఆమెను అడగకుండా తీసిన కణాలు ప్రయోగశాలల్లో నేటికీ పెరుగుతూనే వున్నాయి. పోలియో టీకా పరిశోధనకు అవే పనికొచ్చాయి. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1980లలో ఈ క్యాన్సర్‌కు కారణమైన వైరస్ రకాలను పట్టుకున్నప్పుడు, 18వ రకం ఆమె కణాల్లోనూ కనపడింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె కుటుంబానికి మాత్రం ఒక కంపెనీ నుంచి పరిహారం ఒప్పందం కుదిరేసరికి 2023 వచ్చింది.

ఇక మన దేశానికి వద్దాం. పాప్ పరీక్షకు లాబొరేటరీ కావాలి, నిపుణులు కావాలి. పల్లెకు అది ఎక్కదు. దానికి బదులు చవకైన దారి వుందా అని మన దేశంలోనే మూడు పెద్ద పరిశోధనలు జరిగాయి.

తమిళనాడు దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు గర్భసంచి మూతికి ఎసిటిక్ ఆమ్లం పూసి చూశారు. ఇది మనం వంటల్లో వాడే వెనిగర్ లాంటిదే. పూసిన నిమిషానికి చెడు మొదలైన చోటు తెల్లగా తేలుతుంది. అక్కడికక్కడే చల్లదనంతో మాడ్చి ఆ చోటును పోగొట్టారు. కోతలేదు, కుట్లు లేవు. 2007లో ఫలితం చెప్పారు: చావులు మూడోవంతుకు పైగా తగ్గాయి. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది స్త్రీలమీద చేసిన అధ్యయనంలో ఈ పరీక్షను చేసింది డాక్టర్లు కూడా కాదు, పదో తరగతి చదివి శిక్షణ పొందిన ఆడవాళ్లు. 2013లో చెప్పిన ఫలితం: చావులు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1 లక్షా 31 వేల మందితో చేసిన పరిశోధనలో, నేరుగా వైరస్‌నే పట్టే పరీక్షను జీవితంలో ఒక్కసారి చేస్తే చావులు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. అక్కడ వెనిగర్ పరీక్ష, పాప్ పరీక్ష అంత ఫలితం చూపలేదన్నది కూడా చెప్పాలి. వెనిగర్ పరీక్ష చూసే కన్ను మీద ఆధారపడుతుంది, శిక్షణ సరిగా లేకపోతే దెబ్బతింటుంది.

ఈ మూడు పరిశోధనల్లోనూ పోలిక కోసమని లక్షమందికి పైగా స్త్రీలను ఆరోగ్య బోధన చేసి, పరీక్ష చేయకుండా వుంచారు. వాళ్లలో ఎందరు చచ్చిపోయారో లెక్కగట్టారు. అందరూ పల్లెవాళ్లు, మురికివాడలవాళ్లు. పరీక్ష పనిచేస్తుందని లోకానికి తెలిసినప్పుడు ఇలా వదిలేయడం న్యాయమా అని దేశవిదేశాల్లో విమర్శలు వచ్చాయి. విమర్శ సరైనదే. కానీ అంతకంటే పెద్ద అన్యాయం తర్వాత జరిగింది. మన స్త్రీల ప్రాణాలతో రుజువైన పద్ధతి మళ్లీ మన స్త్రీలకే అందలేదు.

2016లో కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్లు దాటిన స్త్రీలందరికీ అయిదేళ్లకోసారి ఈ వెనిగర్ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీద బాగుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలను అడిగితే, జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా తేలలేదు. తమిళనాడులో దాదాపు పదిమంది. అక్కడ ప్రాథమిక ఆసుపత్రులు కాస్త నిలబడి వున్నాయి గనుక ఆ మాత్రమన్నా జరిగింది. ఆరోగ్యానికి ప్రభుత్వాల ఖర్చును 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతం చేస్తామని 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22 లెక్క చూస్తే 1.84 శాతం. నర్సు లేని సబ్‌సెంటరుకు మార్గదర్శకాలు పంపితే ఏం లాభం?

గర్భసంచుల వ్యాపారం

ప్రభుత్వం ఖాళీ వదిలిన చోట వ్యాపారి దుకాణం పెడతాడు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. దేశంలోకెల్లా పైవరసలో మనమే వున్నాం. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలి స్త్రీలను 2019లో ప్రభుత్వ కమిటీ విచారిస్తే 82 వేల మందిలో 13 వేలకు పైగా గర్భసంచులు లేవు. ఒక్కరోజు పనికి రాకపోతే కంట్రాక్టరు జరిమానా వేస్తాడు. ముట్టు నొప్పికి సెలవు లేదు. సంచి తీసేస్తే ముట్టూ వుండదు, పని చెడదూ! ఒక పక్క పని దోపిడీ, ఇంకో పక్క ఆసుపత్రి దోపిడీ, మధ్యలో ఆడమనిషి ఒళ్లు.

అవసరంలేని ఈ ఆపరేషన్లను అరికట్టాలని 2013లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుపరచాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు గురించి ఎంతమంది కూలి స్త్రీలకు తెలుసు?

కనుక నాలుగు మాటలు గట్టిగా చెప్పుకోవాలి. తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదు. చాలాసార్లు అది మాత్రలతో తగ్గే పుండే. పొట్టమీద చేసే స్కానింగు ఈ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టే పరీక్ష కాదు. చిన్న వయసులో సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు డొల్లబారతాయి, గుండెకు కూడా చేటు. అన్నిటికంటే ముఖ్యమైనది: నిజంగానే లోపల క్యాన్సర్ వున్నప్పుడు పరీక్ష చేయకుండా మామూలుగా సంచి తీసేస్తే రోగం నయం కాదు సరిగదా, తర్వాత చేయాల్సిన వైద్యం చిక్కుల్లో పడుతుంది. అందుచేత, "సంచి తీయాలి" అన్న డాక్టరును "మూతి పరీక్ష చేశారా? రిపోర్టు ఇవ్వండి" అని అడగాలి. ఇంకో డాక్టరుకు చూపించకుండా అప్పు చేయొద్దు.

టీకా సంగతి, ఖమ్మం పాఠం

వైరస్ సోకకముందే వేస్తే అడ్డుకునే టీకా వుంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయడం మేలు. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకు టీకా పూర్తిగా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికీ ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. ఆఫ్రికాలోని పేద దేశం రువాండా 2011లోనే దేశమంతటా మొదలుపెట్టి నూటికి 90 మందికి పైగా పిల్లలకు వేసింది. మన సిక్కిం రాష్ట్రం 2018లో వేసింది.

మరి టీకా అంటే మన ఏజెన్సీలో ఎందుకు ఉలిక్కిపడతారు? 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశారు. గేట్స్ ఫౌండేషన్ డబ్బు, బహుళజాతి కంపెనీ టీకా, గిరిజన పిల్లల చేతులు. చాలామంది ఆశ్రమ హాస్టళ్ల పిల్లలు. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. 1,948 మీద వేలిముద్రలు. ఇక్కడా, ఇలాగే టీకా వేసిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు, వామపక్షాలు అడగ్గా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం మాత్రం పిల్లల హక్కులను తొక్కేశారనీ, చావులను సరిగా విచారించలేదనీ కడిగిపారేసింది.

దీన్నుంచి మనం ఏం నేర్చుకోవాలి? టీకా విషమని కాదు. ఆ తర్వాత లోకంలో కోట్లమంది పిల్లలకు వేసి చూశారు, అది మంచిదేనని తేలింది. విషం టీకాలో లేదు, మోసంలో వుంది. తల్లికి చెప్పకుండా పిల్ల చేతికి సూది గుచ్చితే, ఆ తల్లి రేపు మంచి సూదిని కూడా నమ్మదు. ఆ అపనమ్మకానికి బాధ్యత గిరిజనులది కాదు, వాళ్లను మనుషులుగా లెక్కచేయనివాళ్లది.

ఇంకో వింత వినండి. అదే సమయంలో మన దేశంలో జరుగుతున్న మరో టీకా అధ్యయనం కూడా 2010 ఏప్రిల్‌లో మధ్యలో ఆగిపోయింది. ఒక్క డోసుతో ఆగిపోయిన వేలమంది పిల్లలను పదేళ్లు గమనిస్తే, ఒక్క డోసు కూడా దాదాపు రెండు మూడు డోసులంత కాపాడుతున్నదని తేలింది. ఆ రుజువు కూడా కలిసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలవచ్చునని ఒప్పుకున్నది. పేద దేశాలకు ఖర్చు తగ్గింది. మరోసారి రుజువు మన పిల్లల ఒంటిమీదే!

2022లో పూణేలోని సీరం సంస్థ దేశీయ టీకా తయారుచేసింది. బజారులో పెట్టినప్పుడు డోసు రెండువేల రూపాయలు. పేద దేశాల కోసం కొనే గవి కూటమికి ఇలాంటి విదేశీ టీకానే 2013లో డోసు నాలుగున్నర డాలర్లకు ఇచ్చారు. ప్రభుత్వం గంపగుత్తగా కొంటే ధర దిగుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆడపిల్లల టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి చెప్పారు. ప్రోత్సాహం వేరు, హక్కు వేరు. తల్లులకు తెలుగులో, కోయలో, లంబాడీలో విడమరచి చెప్పి, ఒప్పించి, బడి మానేసి కూలికి పోతున్న పిల్లలతో సహా అందరికీ ఉచితంగా వేయాలి. టీకా వేసుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు.

రోగం బయటపడితే?

క్యాన్సర్ కాకముందే పట్టుకుంటే చల్లదనంతోనో వేడితోనో ఆ చోటు మాడ్చేస్తారు. సాయంత్రానికి ఇంటికి రావచ్చు. క్యాన్సర్ తొలిదశలో వుంటే ఆపరేషన్‌తో నూటికి 80 మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతారు. ముదిరితే కరెంటు వైద్యం, అంటే రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి మందు ఎక్కించడం. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు, ఆపైన లోపలినుంచి ఇచ్చే రేడియేషన్. మొత్తం రెండు నెలల్లోపు ముగించాలి. మధ్యలో ఆపితే ఫలితం పడిపోతుంది. అప్పుడు కూడా చాలామంది బతుకుతారు. బతకలేని స్థితిలోనూ నొప్పి లేకుండా చూసే మార్ఫిన్ మాత్రలున్నాయి, అవి అడగడం రోగి హక్కు.

హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖలోని హోమీ భాభా ఆసుపత్రి లాంటివి వున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ వైద్యం ఖర్చు భరిస్తాయి. కానీ ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చిన కూలి మనిషి రెండు నెలలు ఎక్కడ పడుకోవాలి? ఏం తినాలి? తోడు వచ్చినవాళ్ల కూలి ఎవరిస్తారు? సగం వైద్యంలో ఇంటికి వెళ్లిపోయేవాళ్లు నిర్లక్ష్యంతో వెళ్లరు. ఇంటికాడ పొయ్యి ఆరిపోయి వెళ్తారు.

మనం చేయవలసింది

ముందు మనకు మనం చేసుకోవలసింది. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ మూతి పరీక్ష అడగాలి. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లు 25 నుంచే అడగాలి. కలయిక తర్వాత నెత్తురు, ముట్టుకూ ముట్టుకూ నడుమ నెత్తురు, ముట్లుడిగాక నెత్తురు, వాసనతో కూడిన తెల్లబట్ట: వీటిలో ఏది కనపడినా వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో మగవాళ్లు ఆ రోజు వంట చేసి, తోడు వెళ్లాలి.

ఇక సంఘం చేయవలసింది. ఒక్కొక్కరుగా అడిగితే "రేపు రా" అంటారు. ఇరవైమంది కలిసి పీహెచ్‌సీ ముందు కూర్చుంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. మన డిమాండ్లు ఇవి:

ప్రతి సబ్‌సెంటరులో శిక్షణ పొందిన నర్సుతో వారానికో రోజు మూతి పరీక్ష జరగాలి. పనుల కాలంలో పొద్దుగూకిన తర్వాత కూడా చేయాలి.

వైరస్ పరీక్షను ప్రభుత్వ ఖర్చుతో పల్లెకు తేవాలి. ఆడవాళ్లు చాటుగా తామే నమూనా తీసి ఇచ్చే సౌకర్యం కల్పించాలి.

పరీక్షలో తేడా కనపడినవాళ్లను ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు తీసుకుపోతారో ముందే చెప్పాలి. పరీక్ష చేసి వదిలేస్తే చేయనట్టే.

వైద్యం జరిగినన్నాళ్లు రోగికీ, తోడున్నవాళ్లకూ రోజుకూలి, బస, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి.

40 ఏళ్లలోపు స్త్రీలకు చేసిన గర్భసంచి ఆపరేషన్ల లెక్క ప్రతి ప్రైవేటు ఆసుపత్రి నుంచీ తెప్పించి, జిల్లాలో బహిరంగంగా ప్రకటించాలి.

టీకా ఉచితంగా, తల్లిదండ్రుల ఎరుకతో, సొంత భాషలో చెప్పి వేయాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. దిండిగల్ కూలి స్త్రీలు, ముంబయి మురికివాడల తల్లులు, ఖమ్మం హాస్టలు పిల్లలు తమ ఒంటితో రుజువుచేసి పెట్టిన వైద్యం ఇది. బాకీ మనకు రావలసింది. కూలి పెంచమని చేనిగట్టు మీద ఎలా నిలబడ్డామో, ఈ బాకీ వసూలుకు ఆసుపత్రి గడప ముందు అలాగే నిలబడదాం.

ఈసారి మీటింగులో ఎవరైనా చాటుగా ఆ ప్రశ్న అడిగితే, అందరూ లేచిపోకముందే గట్టిగా జవాబు చెప్పండి: సంచి తీయించుకోవద్దు చెల్లీ, ముందు పరీక్ష చేయించుకో. ఒక్కదానివే పోవద్దు, అందరం కలిసి పోదాం.